ఆరు దీవుల దేశానికి ఫుట్‌బాల్ లీగ్ కట్టాలి, పడవల లెక్క కుదరడం లేదు

పిల్లలమర్రి_నీడ:

ముందే చెప్తున్నా, ఈ దేశం ఎక్కడా లేదు, మ్యాపులో వెతకొద్దు. మా అక్క కొడుకు, పన్నెండేళ్లు, ఎండాకాలం సెలవులకు మహబూబ్‌నగర్ వచ్చి మా ఇంట్లో కూర్చుని ఒక దేశం కట్టాడు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, మొదటి పేజీ అంతా నీలం స్కెచ్ పెన్నుతో సముద్రం, మధ్యలో ఆరు దీవులు: పెద్దదీవి, ఉప్పుదీవి, కొంగలదీవి, జంటరాళ్లు, చింతదీవి, చివర్లో ఒక్కిల్లు అని ఓ చిన్న ముక్క. పేరుకే ఒక్కిల్లు, అక్కడ 1,100 మంది ఉంటారట. దేశం మొత్తం 90 వేల జనం, అందులో సగం పెద్దదీవిలోనే. విమానాలు లేవు, వంతెనలు లేవు, ఏది పోవాలన్నా పడవే.

దీనికి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఉంది. 14 క్లబ్బులు, ఎనిమిది పెద్దదీవివే. మనం చిన్నప్పుడు బుక్ క్రికెట్ ఆడినట్టు వాడు పాచికతో ఆడిస్తాడు: ఒక్కో టీంకు ఒకసారి వేయాలి, పడిన అంకెలోంచి ఒకటి తీసేస్తే అన్ని గోల్స్. ఒకసారి సొంతూళ్లో, ఒకసారి అవతలి ఊళ్లో, 26 వారాలు, మొత్తం 182 మ్యాచ్‌లు. స్కోర్లు రాసే డ్యూటీ నాది.

తొమ్మిదో వారానికే నోట్‌బుక్ టీవీ పక్కన పడేసి నా ఫోన్ అందుకున్నాడు. ఏమైందిరా అంటే "మామా, ఇది నిజం లీగ్ లెక్క లేదు" అన్నాడు. ఏం తక్కువైందో నాకు చెప్పరావట్లేదు, నాకు తెలిసింది క్రికెట్ ఒక్కటే. నిజంగా చిన్న చిన్న దీవుల దేశాల్లో లీగులు ఎట్లా నడుస్తాయి? ఎన్ని క్లబ్బులు పెట్టాలి? ఒక్కిల్లు లాంటి చోట టీం ఉండటం అసలు కుదిరే పనేనా? ఆ ఒక్కిల్లుకు వాడు 20 వేల మంది పట్టే స్టేడియం కట్టేశాడు, అది వేరే సంగతి.

గద్వాల_జరీ:

స్టేడియం సంగతి విని నవ్వాగలేదు అన్నా 😄 ఊరు ఊరంతా పద్దెనిమిదిసార్లు వచ్చి కూర్చుంటే గానీ నిండదు.

నన్నడిగితే పాచిక కన్నా ముందు పడవ చూసుకో. మాకు దగ్గర్లో గుర్రంగడ్డ ఉంది తెలుసు కదా, కృష్ణ మధ్యలో ఊరు, చుట్టూ నీళ్లే. డిగ్రీ చదివే రోజుల్లో ఆ ఊరి పోరగాళ్లతో వాలీబాల్ మ్యాచ్ పెట్టుకున్నాం, వంద రూపాయల పందెం. ఒడ్డుకు చేరేసరికి పైన జూరాల గేట్లు ఎత్తారని కబురు, నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతూ వస్తున్నాయి, పుట్టి నడిపే ఆయన తాడు విప్పనే విప్పలేదు. "మీ బంతాట కోసం నేను సచ్చిపోవాల్నా" అన్నాడు. అవతలి ఒడ్డున వాళ్లు కనిపిస్తూనే ఉన్నారు, టవల్ ఊపుతున్నారు, ఇవతల మేం ఎనిమిది మందిమి. రెండు గంటలు చూసి, తెచ్చుకున్న అన్నం మూటలు ఒడ్డునే విప్పి తిని ఇంటికొచ్చేశాం. పందెం డబ్బులు ఎవరివో ఇప్పటికీ తేలలేదు.

మీ లీగ్‌లో ఇది లేదు. 182 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా ఆగే వీలే లేదు. దీవుల దేశంలో అట్ల ఎందుకుంటది? ప్రతి మ్యాచ్‌కు ముందు సముద్రానికి కూడా ఒక పాచిక వేయించు. ఒకటి పడితే పడవ కదలదు. వానాకాలం వారాల్లో ఒకటి పడినా రెండు పడినా కదలదు.

పానగల్_చెరువు_కట్ట:

పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. మిగతాది నేను చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ 90 వేలు చిన్న లెక్కేం కాదు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఫారో దీవుల్లో 18 దీవులు కలిపి దాదాపు 55 వేల మందే, మన నల్లగొండ టౌన్‌లో సగం కన్నా తక్కువ. అయినా టాప్ లీగ్‌లో 10 క్లబ్బులున్నాయి, ఒక్కొక్కరితో మూడేసి సార్లు, 27 రౌండ్లు. అక్కడ కొండలు, గాలి, వాన, పచ్చిక నిలవదు. 1990లో వాళ్ల మొట్టమొదటి పోటీ మ్యాచ్ ఆస్ట్రియాతో. ఆడటానికి దేశంలో గడ్డి గ్రౌండే లేక స్వీడన్ పోయి లాండ్స్‌క్రోనాలో ఆడారు. ఆడి 1-0తో గెలిచారు! గోల్ కీపర్ ఉన్ని కుచ్చు టోపీ పెట్టుకుని నిలబడ్డాడు, ఆ ఫోటో చూపించు మీ అల్లుడికి, స్కెచ్ పెన్ను దానంతటదే లేస్తుంది. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్లే. పెద్ద దీవుల మధ్య సముద్రం కింద సొరంగాలు కూడా వేశారు, కానీ దక్షిణాన సుదురోయ్ దీవి క్లబ్బులు ఇప్పటికీ రెండు గంటలు పడవెక్కి రావాల్సిందే.

ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న కేప్ వెర్డే వాళ్లది వేరే పద్ధతి, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మనుషులుండే దీవులు తొమ్మిది. ప్రతి దీవికి దాని లీగ్ దానిదే (రెండు పెద్ద దీవుల్లో ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి), ఆ గెలిచినవాళ్లే చివర్లో జాతీయ పోటీకి వస్తారు. ఏడాదంతా సముద్రం దాటే బాధ లేదు, దాటేవాళ్లు గెలిచి దాటుతారు. ఐదు లక్షల చిల్లర జనమున్న ఆ దేశమే 2025 అక్టోబర్‌లో ఎస్వాటినిని 3-0తో కొట్టి 2026 వరల్డ్ కప్‌కు పోయింది. తర్వాతి నెలలోనే కరీబియన్ దీవి కురాసావ్ కూడా, అది ఇంకా చిన్నది, లక్షన్నర మంది, అంటే అటూ ఇటూగా నల్లగొండ టౌన్ ఒక్కటి వరల్డ్ కప్ ఆడుతున్నట్టు. అంతకుముందు వరల్డ్ కప్ ఆడిన అతి తక్కువ జనం దేశం రికార్డు ఐస్‌లాండ్‌ది, 2018లో.

ఐస్‌లాండ్ అన్నా కాబట్టి సీజన్ సంగతి. మనం చూసే యూరప్ లీగులు ఆగస్టులో మొదలై మే దాకా నడుస్తాయి. ఐస్‌లాండ్ లీగ్ ఏప్రిల్‌లో మొదలై అక్టోబర్‌కు అయిపోతుంది, చలికాలంలో మంచులో ఆడేదెవరు? మీ దేశంలో వానాకాలం ఎప్పుడో వాడిని అడిగి క్యాలెండర్ దానికి ఎదురు పెట్టు. ఇంకోటి, వాళ్లు 2022 నుంచి 12 క్లబ్బులను 22 రౌండ్ల తర్వాత పైన ఆరు, కింద ఆరుగా చీల్చి ఇంకో ఐదేసి మ్యాచ్‌లు ఆడిస్తున్నారు. పైవాళ్లు టైటిల్‌కు, కిందివాళ్లు ప్రాణానికి. తొమ్మిదో వారానికే బోర్ కొట్టే లీగ్‌కు ఇది మంచి మందు.

మరీ చిన్నది కావాలంటే ఇంగ్లండ్ పక్కన సిల్లీ దీవులున్నాయి. లీగ్‌లో ఉన్నదే రెండు క్లబ్బులు, వారం వారం వాళ్లూ వాళ్లే, అదే గ్రౌండ్‌లో. సీజన్ ముందు ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఆటగాళ్లను పంచుకుంటారు, మన గల్లీ క్రికెట్‌లో "వాడు నాకు, వీడు నీకు" అన్నట్టు. కాబట్టి ఒక్కిల్లు టీంకు ఢోకా లేదు.

చివరగా పాచిక. అంకెలో ఒకటి తీసేస్తే మ్యాచ్‌కు సగటున 5 గోల్స్ వస్తాయి, 5-4లూ 4-4లూ కుప్పలు. నిజం ఫుట్‌బాల్‌లో సగటు రెండున్నర, మూడు చుట్టూనే ఉంటుంది. ఒకటి, రెండు పడితే సున్నా, మూడు, నాలుగు పడితే ఒక గోల్, ఐదుకు రెండు, ఆరుకు మూడు. అప్పుడు 1-0 విలువేంటో వాడికి తెలుస్తుంది. బోర్ కొట్టడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

దేవరకొండ_లాస్ట్_బస్:

అంతా బాగుంది గానీ ఒక డౌటు. ప్రొఫెషనల్ అంటున్నారు, జీతాలు ఎవరిస్తున్నారు? 14 క్లబ్బులు, క్లబ్బుకు 25 మంది వేసుకున్నా 350 మంది. 90 వేల జనంలో ఆడే వయసు మగవాళ్లు 12 వేలు అనుకుంటే ముప్పై అయిదు మందిలో ఒకడు ఫుట్‌బాలర్. చేపలు పట్టేదెవరు, పడవ నడిపేదెవరు?

2018 వరల్డ్ కప్ అప్పుడు ఐస్‌లాండ్ టీం కోచ్‌గా ఉన్న హెయిమిర్ హాల్‌గ్రిమ్సన్ పళ్ల డాక్టరు. ఆ కప్‌లోనే మెస్సీ పెనాల్టీ ఆపిన గోల్ కీపర్ సినిమాలు, యాడ్లు తీసే డైరెక్టరు. చిన్న దేశాల్లో అట్లనే ఉంటది, పొద్దున పని, సాయంత్రం ఆట. ఇంకా నిజం కావాలంటే డబ్బుతో ఒక క్లబ్బును పాడు చెయ్యి. యూరప్ క్లబ్బుల పోటీల క్వాలిఫయింగ్ మ్యాచ్‌లకు వెళ్లిన క్లబ్బుకు వచ్చే డబ్బు అక్కడి చిన్న లీగ్‌లో పెద్ద మూట, ఆ మూటతో మంచి ఆటగాళ్లందరినీ కొనేస్తుంది, మళ్లీ అదే గెలుస్తుంది, మళ్లీ అదే వెళ్తుంది. లీగ్ అన్నాక జనం తిట్టుకోవడానికి ఒక క్లబ్బు ఉండాలి కదా.

పానగల్_చెరువు_కట్ట:

తిట్టుకోవడమే కాదు, ముచ్చట కూడా ఉంటుంది. 2023లో ఫారో దీవుల క్లాక్స్‌విక్ క్లబ్బు, ఆ ఊరి జనం ఐదు వేల పైచిలుకు, హంగరీ చాంపియన్ ఫెరెన్స్‌వారోష్‌ను వాళ్లింట్లోనే 3-0తో కొట్టి, స్వీడన్ చాంపియన్ హాకెన్‌ను పెనాల్టీల్లో పంపించేసింది. ఆ ఏడు కాన్ఫరెన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పోటీల్లో మూడో మెట్టు) గ్రూపుల దాకా పోయింది, ఫారో నుంచి అంత దూరం పోయిన మొదటి క్లబ్బు.

పడవల తలనొప్పి వద్దనుకుంటే మాల్టా దారి ఉంది. అందరూ కొద్ది గ్రౌండ్లే పంచుకుని ఆడతారు. మాల్దీవుల్లో కూడా పెద్ద లీగ్ చాలావరకు మాలేలోనే.

గద్వాల_జరీ:

అదొక్కటి వద్దు అన్నా. అన్ని మ్యాచ్‌లూ పెద్దదీవిలో పెడితే ఒక్కిల్లు వాళ్లు చూసేదేంటి, రేడియోనా? సొంతూరికి పెద్ద టీం పడవ దిగి వస్తుంటే ఊరు ఊరంతా ఒడ్డుకు రావాలి, అదే కదా మజా. పైగా వచ్చినవాళ్లకు సముద్రం పడక కడుపులో తిప్పుతుంటది, ఆరు గంటలు పడవలో వచ్చినవాడి పాచికలోంచి ఒకటి కొట్టెయ్. చిన్న దీవికి దేవుడిచ్చిన గోల్ అది.

హిల్_కాలనీ_రిటైర్డ్:

మీరంతా ఐస్‌లాండ్ దాకా పోతున్నారు, పక్కనే ఉన్న హైదరాబాద్ ఎవరికీ గుర్తు రాలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కొట్టింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కోచ్ రహీం సాబ్, బడిపంతులు. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం.

ఎందుకు చెప్తున్నానంటే, జీతం ఎవరిస్తారని పైన బాబు అడిగాడు. మన దగ్గర ఆ రోజుల్లో క్లబ్బు ఆటగాడికి జీతం ఇవ్వలేదు, డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఇచ్చింది. పోలీసు, రైల్వే, బ్యాంకు. నెల నెలా జీతం, రిటైరైతే పెన్షన్, ఆటగాడి ఇంట్లో టెన్షన్ లేదు. మీ అల్లుడి దేశంలో కూడా అట్లాగే పెట్టండి: రేవు కూలీల టీం, పడవల డిపార్ట్‌మెంట్ టీం, ఉప్పు మళ్ల టీం. పడవల డిపార్ట్‌మెంట్ వాళ్లకు మ్యాచ్ ఉన్న రోజు పడవ లేటయితే అనుమానం రాదూ? అక్కడి నుంచి కథ మొదలవుతుంది.

మా సాగర్‌లో లాంచీ స్టేషన్ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది, నీటి మీద టైం టేబుల్ గోడకు అంటించడానికే గానీ నడవడానికి కాదు.

పిల్లలమర్రి_నీడ:

అందరికీ దండం. వారమైంది, రిపోర్ట్ ఇస్తున్నా.

క్లబ్బులు ఎనిమిదికి తగ్గించాం. పెద్దదీవికి మూడు, మిగతా ఐదు దీవులకు తలా ఒకటి. తీసేసిన ఆరు క్లబ్బుల దగ్గర పెద్ద కొట్లాట అయింది, వాడు ఒక్కదాన్ని వదలనన్నాడు, చివరికి వాటికి రెండో లీగ్ పెడతానంటే ఒప్పుకున్నాడు. 14 రౌండ్లు, తర్వాత పై నాలుగు, కింది నాలుగు చీలిక, ఇంకో మూడు. ఒక్కిల్లు స్టేడియం 20 వేల నుంచి 600కు దిగింది, ఒక వైపే మెట్లు, మిగతా మూడు వైపులా కొబ్బరి చెట్లు. పెద్దాయన చెప్పిన పడవల డిపార్ట్‌మెంట్ టీం వాడికి తెగ నచ్చేసింది, దాన్ని విలన్ చేశాడు.

సముద్రం పాచిక మొదలుపెట్టాక నోట్‌బుక్ వదలట్లేదు. మూడో వారం ఒకటి పడింది. స్కోరు రాసే గడిలో ఎర్ర పెన్నుతో "పడవ రాలేదు" అని రాసి, పక్కన ఒడ్డు మీద వరసగా కూర్చున్న మనుషుల బొమ్మ వేశాడు, ఒక్కొక్కడి ఒళ్లో టిఫిన్ డబ్బా. గద్వాల కథ నేను చదివి వినిపించా లెండి.

ఇప్పుడు కొత్త పరేషానీ. ఒక్కిల్లు వాళ్లకు వరసగా మూడు మ్యాచ్‌లు బాకీ పడ్డాయి. మూడూ అవతలి ఊళ్లవే. పడవల డిపార్ట్‌మెంట్ టీం, టీం రాకపోతే మూడు పాయింట్లు మాకే ఇవ్వాలని ఫెడరేషన్‌కు కంప్లైంట్ పెట్టింది. కంప్లైంట్ లెటర్ వాడే రాశాడు, "విషయం:" అని మొదలుపెట్టి, బడిలో లీవ్ లెటర్ రాసినట్టు. ఫెడరేషన్ ప్రెసిడెంట్‌ను నేనేనట, సోమవారం లోపు తీర్పు చెప్పాలట. ఏం చెప్పమంటారు?

దేవరకొండ_లాస్ట్_బస్:

పడవ నడిపేది వాళ్లు, పడవ రాలేదని పాయింట్లు అడిగేదీ వాళ్లేనా? 😂 ముందు ఆ డిపార్ట్‌మెంట్ మీద ఎంక్వైరీ వెయ్యి అన్నా.

గద్వాల_జరీ:

పాయింట్లు ఇవ్వకు. నీళ్లు తగ్గాక మళ్లీ ఆడించు, ఒక్కిల్లు వాళ్లను రెండు పూటలకు అన్నం కట్టుకోమని చెప్పు.