పికాసో ఫొటోల లెక్క మా డ్రాయింగ్ సారు పోర్ట్రెయిట్ తీయాలె, ఎట్ల?

నల్గొండ_లెన్స్:
అన్నలందరికి నమస్తే. గడియారం సెంటర్ దగ్గర నాది చిన్న ఫొటో స్టూడియో, పెండ్లి ఆర్డర్లే ఎక్కువ. నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ సారుకు డెబ్బై దాటినయ్, ఇప్పటికీ పొద్దున లేస్తే రంగులు ముందటేసుకొని కూసుంటరు, ఆయనది మంచి పోర్ట్రెయిట్ ఒకటి తీయాలని మస్తు కోరిక. కానీ కెమెరా ఎత్తంగనే మీది గుండీ పెట్టుకొని పాస్‌పోర్ట్ ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకపోతరు. పెయింటర్ పికాసోను తీసిన ఫొటోలు చూస్తే, తీసినోళ్లు వేరే వేరే అయినా ఆ కండ్లు మనల్ని ఇడువయ్. వాళ్లు ఎట్ల తీసిన్రో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_ఫ్రేమ్స్:
తమ్మి, ముందు ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1957ల ఫ్రాన్స్‌ల కాన్ అనే ఊర్ల, పికాసో ఇంట్లనే తీసింది చూడు. నెత్తికి టోపీ, మెడదాంక కప్పుకున్న కోటు, ముఖం సగం నీడల, ఒక్క కన్ను మాత్రం నిన్నే చూస్తది. బ్రష్ లేదు, కాన్వాస్ లేదు. మనోళ్లు ఆర్టిస్ట్ అనంగనే చేతిల బ్రష్ పెట్టి ఎనుక పెయింటింగ్ నిలబెడతరు, ఫొటో అక్కడ్నే ఖరాబైతది. లైట్లన్నీ స్టూడియోలనే ఇడిసిపెట్టి సారింటికి పో, కిటికీ పక్కన కూసోబెట్టు, రెండోదిక్కు నల్లబట్ట కట్టు, నీడ చిక్కగ పడ్తది.

మిర్యాలగూడ_మామ:
నీడ సంగతి కరెక్టే గని, బిగుసుకపోయే మనిషిని ఊకె కూసోబెడితే ఇంకింత బిగుసుకపోతడు, ఏదన్న పని అప్పజెప్పాలె. 1949ల ఫొటోగ్రాఫర్ జోన్ మిలి లైఫ్ పత్రిక కోసం ఫ్రాన్స్‌ల వల్లోరిస్ అనే ఊరికి పోయి చీకటి గదిల పికాసో చేతికి చిన్న లైటు ఇచ్చిండు, షటర్ తెరిచే పెట్టిండు, పికాసో గాలిల గీసిన గీతంతా ఫిల్మ్ మీద పడ్డది, ఫ్లాష్ కొడితే మనిషి కూడ వచ్చిండు. ఆయన ధ్యాస కెమెరా మీద లేదు, గీత మీదుంది, నాకు నచ్చేది అదే. సారుతోని కూడ చేపియ్యి. ట్రైపాడ్, ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే సెట్టింగ్) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 11, బల్బ్ మోడ్ (బటన్ నొక్కినంతసేపు షటర్ తెరిచే ఉంటది). ఫోన్ టార్చ్ వద్దు, గీత మందంగ వస్తది, కీచైన్ లైటు చాలు.

దేవరకొండ_క్లిక్స్:
రొట్టెల ఫొటో ఒక్కటి మాత్రం కాపీ కొట్టకు తమ్మి. 1952ల రాబర్ట్ దువానో తీసింది, టేబుల్ అంచుకు వేళ్ల లెక్క ఉన్న రొట్టెలు, పికాసో చేతులు కిందికి దాసిండు, రొట్టెలే చేతులైనయ్. ఆ అల్లరి ఆయన స్వభావం, మన సారుతోని చేపిస్తే సారు కనపడడు, ఐడియానే కనపడ్తది. ఆర్నాల్డ్ న్యూమన్ 1954 ఫొటో చూడు, చెయ్యి నుదుటికి ఆనిచ్చి ఉంటది, ముఖమూ చెయ్యే ఫ్రేమంత. అసలు నెగెటివ్ ఇంకా వెడల్పు, కోసి కోసి అక్కడికి తెచ్చిండు. నువ్వు కూడ కొంచెం దూరంగనే తీసుకో, కోసుడు ఇంటికొచ్చినంక నిమ్మళంగ చూసుకోవచ్చు.

నల్గొండ_లెన్స్:
థ్యాంక్స్ అన్నా, మస్తు చెప్పిన్రు. సారుకు కండ్లద్దాలున్నయ్, కిటికీ మొత్తం అద్దాలల్లనే కనపడ్తది కదా?

పాలమూరు_ఫ్రేమ్స్:
అద్దాల కాడలు చెవుల మీద కొంచెం పైకి లేపు, అద్దం కిందికి వంగుతది, మెరుపు పోతది. అయినా పోకపోతే కుర్చీనే కొద్దిగ తిప్పు. అద్దాలు మాత్రం తీపియ్యకు, అవి లేకుంటే ఆయన సారు లెక్కనే ఉండడు.