చెంచుల డీఎన్ఏ లెక్కకు థీటా 0.03 సరిపోతుందా?

నమస్కారం. ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. నల్లమల చెంచుల ఎస్‌టీఆర్ మార్కర్ల (డీఎన్ఏలో ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లు, మనిషిని గుర్తుపట్టడానికి వాడతారు) మీద ప్రాజెక్టు. జనాభా చిన్నది, పెళ్ళిళ్ళు ఎక్కువగా తమలో తామే. అందుకే దగ్గరి చుట్టరికం లేనివాళ్ళలోనూ ఒకే అల్లీల్ (ఆ చోట ఉండే డీఎన్ఏ రూపం) కనిపించే అవకాశం ఎక్కువ. ఏ అల్లీల్ ఎంత తరచుగా వస్తుందో చెప్పే పట్టికను వేరే జనాభా నుంచి తీసుకుని లెక్కేస్తే, చెంచుల్లో మామూలుగా కనిపించే డీఎన్ఏ ప్రొఫైల్ కూడా చాలా అరుదైనదిగా కనిపించి, అమాయకుడు కేసులో ఇరుక్కుంటాడేమోనని నా టెన్షన్.

అమెరికాలో 1996 నాటి ఎన్‌ఆర్‌సీ (నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్) నివేదిక చిన్న, విడిగా బతికే సమూహాలకు థీటా (ఉమ్మడి పూర్వీకుల వల్ల వచ్చే పోలికను లెక్కలో కలిపే సవరణ సంఖ్య) 0.03 వాడమంది. చెంచులకు అది చాలా, ఇంకా పెంచాలా?

ఇంకొకటి. చెంచుల పెంటలో (గూడెంలో) ఒక అవ్వ కార్డు మీద తన రక్తపు చుక్క ఆరేదాకా చూసి, "ఇది పోలీసోళ్ళకిస్తావా బిడ్డా?" అంది. గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. సమ్మతి పత్రంలో ఈ సంగతి ఎలా రాయాలి? ఇలాంటి పని చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.