మైనస్ 6 ప్లేటులో కాలనీలు ఎక్కువ వస్తున్నాయి, తప్పు ఎక్కడ?

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఈ.కోలై బ్యాక్టీరియా కల్చర్‌ను సీరియల్ డైల్యూషన్ చేసి, అంటే అంచెకు పది రెట్ల చొప్పున పలచన చేసి, ప్లేట్ల మీద మొలిచిన కాలనీలు లెక్కపెడుతున్నాను. మైనస్ 5 అంటే ఐదు అంచెలు, మైనస్ 6 అంటే ఆరు. మైనస్ 5 ప్లేటులో 180 ఉంటే మైనస్ 6లో 18 దాకా రావాలి కదా, నాకు 60 వస్తున్నాయి. మూడు వారాలుగా ఇదే వరస. గైడ్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది. ఈ చదువుకు పనికిరానేమో అనిపిస్తోంది.

జవాబు: ముందు ఆ చివరి మాట పక్కన పెట్టండి. తప్పు ప్రతిసారీ ఒకే వైపుకు పోతోందంటే దానికి కారణం ఉంది, వెతికితే దొరుకుతుంది. 18 రావలసిన చోట 13 రావచ్చు, 24 రావచ్చు. అందుకే 30 నుంచి 300 దాకా కాలనీలున్న ప్లేటునే లెక్కకు తీసుకుంటాం. 60 మాత్రం ఊరికే రాదు. ట్యూబు మారినప్పుడల్లా పిపెట్ చివర తొడిగే టిప్ మారుస్తున్నారా?

ప్రశ్న అడిగినవారు: లేదండీ. వృథా అవుతాయని ఒకే టిప్‌తో చివరిదాకా వెళ్తున్నాను.

జవాబు: అయితే నా అనుమానం దాని మీదే. టిప్ లోపల అంటుకున్న చిక్కటి కల్చర్ తరవాతి ట్యూబులోకి దిగుతుంది, అక్కడ లెక్క పెరుగుతుంది. ప్రతి అంచెకూ కొత్త టిప్ వాడండి, తీసే ముందు ట్యూబును వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కదిపే యంత్రం) మీద బాగా కలపండి. పలచన చేయడానికి వాడే సెలైన్‌ను, కల్చర్ కలపకుండా, ఒక ప్లేటు మీద పరచండి. అందులో ఏదైనా మొలిస్తే సెలైన్‌నో ప్లేటునో అనుమానించాలి. ఈ ప్లేటు దండగ అనుకుంటారు చాలామంది. అది లేకపోతే మిగతా ప్లేట్లను నేను నమ్మలేను.

ఇంకొకరు: పాత లెక్కలున్న పేజీలు చించకండి. తప్పు అంకె మీద ఒక్క గీత గీసి, పక్కన తేదీ, కారణం రాయండి. కింద ఉన్న అంకె కనబడుతూనే ఉండాలి. గైడ్ దగ్గరికి ఆ నోట్‌బుక్‌తోనే వెళ్లండి. నేను మొదట్లో రెండు నెలలు దాచాను. ఆ లెక్కల మీదే తరవాతి ప్రయోగాలు కట్టుకుంటూ పోయాను, అన్నీ మళ్లీ చేయాల్సి వచ్చింది. ఇంకో మాట: బ్యాక్టీరియాను ప్లేటు నుంచి ప్లేటుకు నెలల తరబడి గీస్తూ పెంచుకుంటూ పోకండి. మైనస్ 80 డిగ్రీల్లో గ్లిసరాల్ స్టాక్ (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించిన కల్చర్) పెట్టుకుని, ప్రతి కొత్త ప్రయోగానికీ అందులోంచే తీయండి.

ప్రశ్న అడిగినవారు: టిప్ మార్చి చేశాను. 172, 19 వచ్చాయి. సెలైన్ ప్లేటులో ఏమీ మొలవలేదు. రేపు పొద్దున రెండోసారి చేసి, పాత పేజీలతో సహా గైడ్‌కి చూపిస్తాను.