కొత్త జిల్లాల లెక్కలు: షీట్ అందరూ దిద్దొచ్చా, నలుగురికే వదిలేయాలా?

పటమట కుర్రాడు: ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల సాగు లెక్కలు ప్రభుత్వ సైట్ల నుంచి దించి ఒకే షీట్లో చేరుస్తున్నాం కదా, మనలో ఒకరు గుంటూరు మిర్చి 2022 తర్వాత కుప్పకూలిందని గ్రాఫ్ గీసి వాట్సాప్‌లో పెట్టేశారు, అది ఊరంతా తిరిగింది. కూలింది మిర్చి కాదండీ, జిల్లా చిన్నదైంది! 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, మాచర్ల అన్నీ పల్నాడులోకి వెళ్లాయి. ఇలాంటివి తెలిసిన నలుగురే షీట్ దిద్దాలి, మిగతావాళ్లు చూస్తే చాలు.

బ్రాడీపేట టీచర్: ఆ తప్పు పట్టిందెవరు తమ్ముడూ? మాచర్ల వైపు మిర్చి కొనే వ్యాపారి. నువ్వు చెప్పిన నలుగురూ ఆ గ్రాఫ్ చూసి బాగుందన్నారు. వేర్వేరు ఫైళ్లలోని మండలాల పేర్లు జతచేసేటప్పుడూ అంతే, కంప్యూటర్ కొల్లిపర, కొల్లూరు ఒకటే అనుకుంటుంది, తెనాలి మనిషైతే ఒకటి గుంటూరులో, ఇంకోటి బాపట్లలో ఉందని చూడగానే చెప్తాడు. తలుపు మూస్తే ఆ మనిషి మనకి దొరకడు.

కానూరు నుంచి: నేను టీచర్ గారి వైపే. జనం డబ్బుతో సేకరించిన లెక్కలివి, 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 అడక్కుండానే బయట పెట్టమంటోంది, మళ్లీ మనం తాళం వేయడమేంటి? కాకపోతే దించిన ఫైల్ జోలికి ఎవరూ పోకూడదు. దిద్దేది కాపీలోనే, ఎవరు ఏ గడి ఎందుకు మార్చారో పక్కన రాయాలి. జిల్లా పేరుతో కాకుండా మండలాల వారీగా, లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ (కేంద్రం ప్రతి జిల్లాకీ, మండలానికీ, ఊరికీ నంబరిచ్చే జాబితా) కోడ్‌తో కూడితే పాత గుంటూరుని మళ్లీ కట్టుకోవచ్చు. నూజివీడు, కైకలూరు అప్పుడు ఏలూరుకి పోయాయి కాబట్టి కృష్ణాకీ ఇదే దారి.

పటమట కుర్రాడు: సరే, దిద్దడం అందరికీ ఇద్దాం. గ్రాఫ్ మాత్రం ఇద్దరు చూడకుండా బయటికి పోకూడదు, దీని మీద నేను తగ్గను. తప్పుడు గ్రాఫ్ వెళ్లిన ప్రతి గ్రూపుకీ సవరణ వెళ్లదు కదండీ.

బ్రాడీపేట టీచర్: ఆ ఇద్దరిలో ఒకరు ఆ ప్రాంతం వాళ్లైతే నాకు ఓకే. చీరాల, పర్చూరు, అద్దంకి 2022లో ప్రకాశం నుంచి బాపట్లలో కలిశాయి, ఆ వైపు మనకెవరూ లేరు. తెలిసినవాళ్లుంటే ఇక్కడికి తీసుకురండి, అప్పటిదాకా బాపట్ల గ్రాఫ్ ఆపుదాం.