అమెరికా తొలి ప్రభుత్వం నిజంగా అంత అసమర్థమైనదా?

నమస్కారం. 1781లో అమల్లోకి వచ్చిన అమెరికా తొలి రాజ్యాంగం, ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ గురించి వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. చరిత్ర తెలిసినవారు దయచేసి సాయం చేయండి.

లోపాలు నాకు అర్థమయ్యాయి. కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు, జాతీయ న్యాయస్థానాల వ్యవస్థ లేదు, సవరణకు 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అప్పులు తీర్చడానికి దిగుమతులపై 5 శాతం సుంకం వేద్దామంటే 1782లో చిన్న రాష్ట్రమైన రోడ్ ఐలండ్ తిరస్కరించింది, ప్రతిపాదన మూలపడింది. యుద్ధం చేసిన సైనికులకే జీతాలు బకాయి పడ్డాయంటే బాధ కలుగుతుంది.

కానీ 1783 పారిస్ ఒప్పందంతో బ్రిటన్ చేత స్వాతంత్ర్యాన్ని గుర్తింపజేసింది ఈ ప్రభుత్వమే కదా! 1787 నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ అనే చట్టం నాకు మరీ గొప్పగా అనిపిస్తుంది: ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న కొత్త ప్రాంతాలను వలసలుగా ఉంచకుండా సమాన హోదాగల రాష్ట్రాలుగా చేర్చుకోవాలంది, అక్కడ బానిసత్వాన్ని నిషేధించింది. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంతో దాటేయడం అన్యాయం.

నా సందేహం 1786లో మసాచుసెట్స్‌లో మొదలైన రైతుల తిరుగుబాటు, అంటే షేస్ తిరుగుబాటు గురించి. రైతులను అప్పులతో పాటు రాష్ట్రం వేసిన పన్నులూ కుంగదీశాయి. అలాంటప్పుడు దాన్ని కేంద్రం వైఫల్యంగా చూపడం సరైనదేనా? దాన్ని అణచడానికి సైన్యాన్ని సమకూర్చలేకపోవడం ఒక్కటే కేంద్రం తప్పా?