ఐదు సెంట్లూ మూడు సెంట్లూ: కలిపి అమ్మాలా, విడిగానా?

పాలకొల్లు వాసి:
పాలకొల్లు శివార్లలో మాకు పక్కపక్కనే రెండు ఖాళీ స్థలాలున్నాయి. రెండూ తూర్పు రోడ్డుకే. ఒకటి 5 సెంట్లు, ముఖం 36 అడుగులు. రెండోది 3 సెంట్లు, ముఖం ఇరవై ఒకటిన్నరే. లోతు రెండింటికీ 60 అడుగుల చిల్లర. పెద్దది నాన్నగారి పేరున ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది. చిన్నది అమ్మ పేరున. ఒకే బిట్టు చేసి అమ్ముదామని అన్నయ్య. విడిగా అని నేను. 8 సెంట్లు, అంటే 387 గజాలు ఒక్కసారి కొనేవాళ్లు మా వైపు ఎంతమంది?

డాబామేస్త్రి:
మీ అన్నయ్యదే కరెక్టండి. ఇరవై ఒకటిన్నరలో అటు మూడు, ఇటు మూడు అడుగులు వదిలితే గోడల బయటి కొలతే పదిహేనున్నర. మెట్లూ అందులోనే. మంచి బిట్టు ముందు పోతుంది. ఆ తర్వాత చిన్న ముక్కకి బేరగాడు ఎంతంటే అంతే.

కొబ్బరిమట్ట:
గట్టు జరిపి నాలుగూ నాలుగూ చేసేయండి. ఒక్కోటి దాదాపు 29 అడుగుల ముఖం వస్తుంది. ఉద్యోగస్తులు అడిగేది ఆ సైజే.

బోదెగట్టు:
ఎవరూ మెరక సంగతి ఎత్తలేదేం? మన డెల్టాలో స్థలం రోడ్డుకి ఎన్ని అడుగుల పల్లంలో ఉందన్నది ముందు చూడాలి. మా వీధిలో ఒకాయన తన బిట్టు వరకు బుసక తోలించి ఎత్తు చేశాడు. ఆ వానాకాలం నీళ్లన్నీ పక్క ఖాళీ స్థలంలోకి దిగి కార్తీకం దాకా కదల్లేదు. గుర్రపుడెక్క కూడా మొలిచింది. చూడ్డానికొచ్చినవాళ్లు బండి దిగకుండానే వెనక్కి తిప్పేవారు. మీ పెద్దది ముందు అమ్ముడైతే చిన్నదానికీ ఇదే గతి. అయినా నేను కలపమనను. 3 సెంట్ల అవతల ఇల్లు ఉందా? ఉంటే ముందు వాళ్లనడగండి. కారు షెడ్డుకైనా కావాలంటారు. వాళ్లకి మీ ముఖం కొలతతో పనిలేదు.

డాబామేస్త్రి:
అవసరం మనదని తెలిస్తే పక్కింటాయన రేటు తెగ్గొయ్యడా?

బోదెగట్టు:
అందుకే పెద్దది అమ్మకముందే అడగమన్నాను. ఆయన కాదంటే రెండూ కలిపి బేరం పెట్టుకోవచ్చు, ఆయ్.

దస్తావేజు లేఖరి:
నాలుగూ నాలుగూ అన్నవారికి: ఒక సెంటు నాన్నగారి వైపు నుంచి అమ్మగారి వైపు జరగాలి. అది గట్టు జరిపినంత తేలిక కాదు, వారసులంతా కలిసి కాగితం రాయాలి. అప్రూవ్డ్ లేఅవుట్ అయితే ప్లాన్‌లో ఉన్న హద్దులకీ దస్తావేజు హద్దులకీ పొంతన కుదరక, కొన్నవారి బ్యాంకు లోను దగ్గర పేచీ వస్తుంది.

అసలు అమ్మేవారు ముందుగా కలపడం ఎందుకు? ఒకరే కొంటే ఒకే దస్తావేజులో ఎ షెడ్యూలు, బి షెడ్యూలు అని రాసి, దేని హద్దులు దానికి చూపిస్తే సరి. కొన్నాక ఆయనే కలుపుకుని ప్లాన్ పెట్టుకుంటాడు. ఇద్దరొస్తే రెండు దస్తావేజులు. స్థలం విలువ 50 లక్షలు, ఆ పైన ఉన్నప్పుడు కొన్నవారు ఒక శాతం టీడీఎస్ (అమ్మినవారి ఆదాయపు పన్ను కింద) పట్టుకుంటారు. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆ 5 సెంట్లకి అమ్మగారితో పాటు పిల్లలందరూ సంతకం పెట్టాలి. అంటే ఆడపిల్లలు కూడా. ఇది మాత్రం బేరానికి ముందే చూసుకోండి.

పాలకొల్లు వాసి:
వీలునామా లేదండి. పక్కింటాయన సగం ఒప్పుకున్నట్టే మాట్లాడాడు, మిగతా సగం వాళ్లావిడ చెప్పాలట. అక్కకి ఫోన్ చేస్తే, "అమ్ముదామని నన్నెవరడిగారు?" అంది. అన్నయ్యా నేనూ ఇన్నాళ్లూ ఇద్దరమే వాదించుకున్నాం. ఆదివారం అక్క వస్తోంది. అప్పటిదాకా అమ్మకం బోర్డు తీసేశాం.