అప్‌డేట్: పిల్లల ఆశ్రమం నుంచి తిరుగు ప్రయాణం

విదేశంలోని ఒక పిల్లల ఆశ్రమంలో స్వచ్ఛందంగా పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు పిల్లలకు వీడ్కోలు ఎలా చెప్పాలి, మళ్లీ వస్తానని మాట ఇవ్వవచ్చా అని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. నిలబెట్టుకోలేని మాట ఇవ్వవద్దని, వెళ్లే రోజును ముందుగానే చెప్పమని మీలో చాలామంది అన్నారు, అలాగే చేశాను. బయలుదేరేనాడు ఒక చిన్న పాప నా సంచి జిప్పును తీస్తూ వేస్తూ నిలబడిందే తప్ప ఏడవలేదు. వచ్చి వెళ్లిపోయేవారిని చూడడం ఆమెకు అలవాటైపోయిందని విమానంలో కూర్చున్నాక గాని నాకు తట్టలేదు. ఆ ఆలోచన దారి పొడవునా నన్ను వదల్లేదు.

ఇలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులలో ఒకరైనా బతికే ఉంటారు. కేవలం పేదరికం కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అక్కడి ఆయాలు (నిజానికి ఆ ఇంటిని నిలబెడుతున్నది వారే) ఏళ్ల తరబడి ఉంటారు కనుక, పిల్లలకు కావలసిన నిలకడ వారి దగ్గరే దొరుకుతుందని నా అభిప్రాయం. అందుకే మరో ప్రయాణానికి దాచుకున్న డబ్బును, పిల్లలను తిరిగి సొంతవారి దగ్గరకు చేర్చే పనికి ఇవ్వాలని నిర్ణయించుకుని ఆశ్రమానికి ఉత్తరం రాశాను. జవాబు రాగానే మీకు తెలియజేస్తాను.